లేజీసైజెస్ సమీక్ష: ఫొటోను ఆపడం కన్నా సరైన సైజు తేవడంలోనే దాని పనితనం

ఫొటోలు ఎక్కువగా ఉండే వెబ్ పేజీలు కట్టే డెవలపర్లకు లేజీసైజెస్ పేరు కొత్త కాదు. ఫొటో తెరను సమీపించాకే, తగిన సైజులో తెప్పించే ఈ జావాస్క్రిప్ట్ లైబ్రరీని అలెగ్జాండర్ ఫార్కస్ రాశారు, 2015 నాటికే వాడుకలో ఉంది. ఎంఐటీ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది, జీజిప్‌తో కుదించాక నాలుగు కిలోబైట్లు కూడా ఉండదు. ఆన్‌లైన్ దుకాణాలు కట్టుకునే వేదిక షాపిఫై పాత థీమ్ 'డెబ్యూ'లో ఇది భాగంగా వచ్చేది కాబట్టి, పేరైనా తెలియకుండా దీన్ని నడుపుతున్న ఆన్‌లైన్ దుకాణాలు ఎన్నో ఉన్నాయి. బ్రౌజర్లే లేజీ లోడింగ్‌ను, అంటే ఫొటోను అవసరమైనప్పుడే తెప్పించే పనిని, సొంతంగా చేస్తున్న ఈ రోజుల్లో దీన్ని కొత్త ప్రాజెక్టులో పెట్టుకోవాలా, పాత ప్రాజెక్టులో ఉంటే ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. చేనేత చీరల కేటలాగ్ వంటి పేజీలతో నిత్యం పనిచేసేవాడిగా నా తీర్పు ముందే చెబుతాను. ఈ లైబ్రరీ చేసిన మేలు చాలా పెద్దది, దాని ఆలోచన ఇప్పటికీ సరైనదే. అయితే ఆ ఆలోచనను ఇప్పుడు బ్రౌజర్ తనలో కలుపుకుంది గనుక కొత్త పనికి దీని అవసరం చాలావరకు తీరిపోయింది.

దీని విలువ తెలియాలంటే ముందు ఒక చిన్న లెక్క చూడాలి. 360 సీఎస్ఎస్ పిక్సెళ్ళ వెడల్పున్న ఫోనులో వరసకు రెండేసి చొప్పున గ్రిడ్‌లో చీరల ఫొటోలు చూపిస్తున్నామనుకుందాం. ఒక్కో ఫొటోకు దక్కేది సుమారు 180 పిక్సెళ్ళు. ఆ ఫోను తెర సాంద్రత మూడు రెట్లయితే (ఒక్కో సీఎస్ఎస్ పిక్సెల్ వెడల్పులో మూడు అసలు పిక్సెళ్ళుంటే) నిజంగా కావలసిన ఫైలు వెడల్పు 540. మనం ఒకే ఫొటోకు వేర్వేరు వెడల్పుల ఫైళ్ళ జాబితా ఇచ్చే ఎస్ఆర్‌సీసెట్ అట్రిబ్యూట్‌లో 180, 360, 540, 720, 1080 వెడల్పుల ఫైళ్ళన్నీ శ్రద్ధగా ఇచ్చి, ఫొటో ఎంత వెడల్పున కనిపిస్తుందో బ్రౌజర్‌కు చెప్పే సైజెస్ అట్రిబ్యూట్ రాయకుండా వదిలేస్తే, ఫొటో తెర నిండా వస్తుందని బ్రౌజర్ అనుకుంటుంది. 360ని మూడుతో హెచ్చవేసి 1080 వెడల్పు ఫైలును తెప్పిస్తుంది. వెడల్పు రెట్టింపు, ఎత్తు రెట్టింపు, అంటే పిక్సెళ్ళు నాలుగింతలు. ఒక పేజీలో నలభై చీరలుంటే ఆ నాలుగింతల భారం నలభై సార్లు పడుతుంది, కొనేవారి డేటా ప్యాక్ అంత త్వరగా కరిగిపోతుంది. పొరపాటు రెండో వైపు జరిగినా నష్టమే. చిన్న ఫైలు వచ్చి సాగితే మంగళగిరి చీర అంచులోని జరీ గీతలు అలుక్కుపోతాయి, పోచంపల్లి ఇక్కత్‌లో రంగు రంగులోకి జారే ఆ సన్నని అంచు మసక మచ్చలా కనిపిస్తుంది. చీర కొనేవారు చూసేది ఆ అంచునే కాబట్టి ఇది అమ్మకానికి తగిలే దెబ్బ.

సైజెస్ చేత్తో రాస్తే సరిపోదా అని అడగవచ్చు. రాయవచ్చు, కాని నిలబెట్టుకోవడం కష్టం. తెర వెడల్పు 1200 దాటితే నాలుగో వంతు, 700 దాటితే మూడో వంతు, లేకపోతే సగం అని ఒక జాబితా రాసి పెడతాం. కొన్ని నెలల తరువాత డిజైనర్ ఎడమ పక్కన ఫిల్టర్ల పట్టీ ఒకటి చేరుస్తారు. సీఎస్ఎస్ మారుతుంది, సైజెస్ మారదు. పేజీ చూడటానికి చక్కగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కాని అవసరానికి మించిన ఫైళ్ళు దిగుతూనే ఉంటాయి. అదే కార్డును ఒకచోట గ్రిడ్‌లో, ఇంకోచోట 'మీకు నచ్చవచ్చు' వరసలో, మరోచోట కార్ట్‌లో చిన్న బొమ్మగా వాడితే ఒకే కాంపోనెంటుకు మూడు రకాల సైజెస్ రాయాలి. తెర మీద కనిపించని తప్పు కావడం వల్లే ఇది ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది.

బ్రౌజరే వెడల్పు కొలుచుకోవచ్చు కదా అన్న సందేహానికి జవాబు దాని పని క్రమంలో ఉంది. హెచ్‌టీఎంఎల్ అందుతుండగానే బ్రౌజర్‌లోని ప్రీలోడ్ స్కానర్ ముందుకు పరుగెత్తి, సీఎస్ఎస్ అంతా రాకముందే, లేఅవుట్ ఇంకా కట్టకముందే ఫొటోలకు అభ్యర్థనలు పంపుతుంది. ఏ పెట్టెలో ఎంత వెడల్పున ఫొటో కూర్చుంటుందో అప్పటికి దానికి తెలియదు. తొందరపడి తెప్పించడం వల్ల వేగం వస్తుంది, ఆ తొందర వల్లే కొలత తెలియకుండా పోతుంది. సైజెస్ అట్రిబ్యూట్ పుట్టింది ఆ లోటు పూడ్చడానికే.

ఫార్కస్ పట్టుకున్న కీలకం ఇక్కడే ఉంది. కింద ఎక్కడో ఉన్న ఫొటోను ఆలస్యంగా తెప్పించాలని ఒకసారి నిర్ణయించుకున్నాక, దాని వంతు వచ్చేసరికి లేఅవుట్ పూర్తయి ఉంటుంది, పెట్టె వెడల్పు కొలవడానికి సిద్ధంగా ఉంటుంది. అలాంటప్పుడు దాన్ని మనిషి ఊహించి రాయాల్సిన పనేముంది? లేజీసైజెస్‌లో ఇమేజ్ ట్యాగుకు 'లేజీలోడ్' అనే క్లాసు ఇచ్చి, ఫైళ్ళ జాబితాను ఎస్ఆర్‌సీసెట్‌లో కాకుండా డేటా-ఎస్ఆర్‌సీసెట్‌లో పెట్టి, డేటా-సైజెస్‌కు 'ఆటో' అని రాస్తే చాలు. ఫొటో తెరను సమీపించగానే స్క్రిప్టు ఆ పెట్టె వెడల్పు కొలిచి, సైజెస్ విలువను తానే నింపి, జాబితాను అసలు అట్రిబ్యూట్‌లోకి మారుస్తుంది. ఆ తరువాత ఏ ఫైలు ఎంచుకోవాలన్నది బ్రౌజరే తేల్చుకుంటుంది. డెబ్యూ థీమ్‌లోని ట్యాగు ఇప్పుడు తెరిచి చూసినా డేటా-విడ్త్స్ అనే అట్రిబ్యూట్‌లో 180, 360, 540, 720, 900, 1080 అంటూ సాగే వరస కనిపిస్తుంది. ఫైలు చిరునామాలో వెడల్పు రావలసిన చోట తగిన అంకెను పెట్టే పని 'రయాస్' అనే ప్లగిన్‌ది. ఫిల్టర్ల పట్టీ వచ్చినా, కార్డు కార్ట్‌లోకి వెళ్ళినా ఒక్క అక్షరం మార్చనవసరం లేదు. ఇదే కాలంలో వచ్చిన లేజీ లోడ్ స్క్రిప్టుల్లో ఎక్కువ భాగం ఫొటోను ఆపడం దగ్గరే ఆగిపోయాయి. ఆపినందువల్ల దొరికిన అవకాశాన్ని కొలతకు వాడుకున్న తెలివి వల్లనే ఈ లైబ్రరీ నాకు వాటన్నిటికన్నా ఎత్తులో కనిపిస్తుంది.

దీనికి ఒక షరతు ఉంది. ఫొటో రాకముందే ఆ పెట్టెకు వెడల్పు ఉండాలి. వెడల్పు నూరు శాతం అని సీఎస్ఎస్‌లో చెప్పి, నిష్పత్తి కూడా ఇస్తే ఏ ఇబ్బందీ ఉండదు. ఫొటోయే తన వెడల్పును నిర్ణయించుకునేలా వదిలేస్తే మాత్రం కొలవడానికి ఏమీ ఉండదు. 40 పిక్సెళ్ళకన్నా తక్కువ తేలితే స్క్రిప్టు తల్లి ఎలిమెంటు వెడల్పును తీసుకుంటుంది. అది మంచి ముందుచూపే గాని, ఎప్పుడూ సరైన జవాబు ఇస్తుందని నమ్మకూడదు. ఎత్తు ముందే కేటాయించకపోతే ఫొటో దిగగానే కింద ఉన్న ధర, బటను ఒక్కసారిగా జారిపోతాయి. వెడల్పు, ఎత్తు అట్రిబ్యూట్లు రాస్తే నిష్పత్తిని బ్రౌజరే లెక్కగట్టుకునే సదుపాయం ఫైర్‌ఫాక్స్ 71, క్రోమ్ 79 నుంచి ఉంది కాబట్టి, ఏ పద్ధతి వాడినా ఆ రెండూ రాయడం మానకూడదు.

ఎప్పుడు తెప్పించాలన్న విషయంలో లేజీసైజెస్ పొదుపరి. తెర అంచుకు ఎంత దూరంలో ఉండగా ఫొటోను తెప్పించాలో చెప్పే ఎక్స్‌పాండ్ విలువ, పొడవూ వెడల్పూ రెండూ 500 దాటిన తెరల మీద 500 పిక్సెళ్ళు, ఫోను వంటి ఇరుకు తెరల మీద 370. పేజీ మొత్తం లోడయ్యాక ఆ దూరాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకుంటుంది, అంటే ఫోనులో 555. కంటికి కనిపించేవి ముందు, దగ్గరలోనివి తరువాత, తీరిక దొరికితే కాస్త దూరానివి అన్న ఈ వరస ఆలోచించి పెట్టినది. అయితే నెట్‌వర్క్ ఎంత నెమ్మదిగా ఉందన్నది ఈ లెక్కలోకి రాదు. సిగ్నలు సరిగా లేని చోట 555 పిక్సెళ్ళ ముందస్తు చాలదు, వేలితో గట్టిగా ఒకసారి స్క్రోల్ చేస్తే ఖాళీ పెట్టెలే ఎదురవుతాయి. విలువ పెంచుకోవచ్చు గాని, మంచి నెట్‌వర్క్ ఉన్నవారికీ అదే విలువ వర్తిస్తుంది.

వెబ్ అప్లికేషన్ల విషయంలో దీని ప్రవర్తన విడిగా చెప్పుకోవాలి. పేజీలోకి కొత్తగా చేరిన ఎలిమెంట్లను మ్యుటేషన్ అబ్జర్వర్ ద్వారా తానే గమనిస్తుంది కాబట్టి, స్క్రోల్ చేసిన కొద్దీ కొత్త చీరలు చేరే పేజీలో మళ్ళీ మళ్ళీ దాన్ని పిలవనక్కరలేదు. లేజీలోడ్ అన్న క్లాసున్న ట్యాగు పేజీలోకి వస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. రియాక్ట్ వంటి ఫ్రేమ్‌వర్క్‌తో కలిసినప్పుడు మాత్రం ఒక చిక్కుంది. ఫొటో దిగిన తరువాత లైబ్రరీ ఆ ట్యాగు క్లాసును 'లేజీలోడెడ్' అని మార్చి, ఇక దాని జోలికి పోదు. వాడుకరి ఫిల్టర్ మార్చినప్పుడు ఫ్రేమ్‌వర్క్ అదే ట్యాగును తిరిగి వాడుకుని డేటా-ఎస్ఆర్‌సీసెట్‌లో కొత్త విలువ పెడితే, పేరు, ధర మారతాయి గాని ఫొటో పాతదే ఉంటుంది. గద్వాల చీర పేరు కింద వెంకటగిరి చీర కనిపించడం కొనేవారిని తప్పుదోవ పట్టించడమే. దీనికోసమే 'యాట్రిబ్యూట్ చేంజ్' అనే ప్లగిన్ విడిగా ఉంది, లేదా ప్రతి కార్డుకు ఆ చీర గుర్తింపు సంఖ్యనే కీగా ఇచ్చి కొత్త ట్యాగు పుట్టేలా చూడాలి.

ఇక దీని ఖరీదు. కిలోబైట్ల లెక్కలో అది చాలా తక్కువ, పని క్రమం లెక్కలో మాత్రం తక్కువ కాదు. అసలు చిరునామా డేటా అట్రిబ్యూట్‌లో దాగి ఉంటుంది గనుక ప్రీలోడ్ స్కానర్‌కు కనిపించదు. స్క్రిప్టు దిగి, నడిచి, కొలిచే వరకు ఏ ఫొటోకూ అభ్యర్థన వెళ్ళదు. కింద ఉన్నవాటికి ఇది ఇబ్బంది కాదు. పేజీ తెరవగానే కనిపించే పెద్ద ఫొటోకు కూడా అదే క్లాసు తగిలిస్తే, పేజీలో అతి ముఖ్యమైన వస్తువును మనమే క్యూలో చివరకు నెట్టినట్టవుతుంది. తెరలోని అతి పెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయాన్ని చెప్పే ఎల్‌సీపీ అనే కొలమానం 2.5 సెకన్లలోపు ఉండాలని గూగుల్ చెబుతుంది, దాన్ని చేజేతులా పోగొట్టుకునే దారుల్లో ఇది చాలా మామూలుది. వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ అంతటి వ్యవస్థ కూడా 2020లో 5.5 వెర్షన్‌తో బ్రౌజర్ లేజీ లోడింగ్‌ను ఫొటోలన్నిటికీ పెట్టి, 2022లో 5.9 వచ్చేసరికి పేజీలో మొదటి ఫొటోను దాని నుంచి మినహాయించింది. 2023లో 6.3తో ముఖ్యమైన ఫొటోకు, దేన్ని ముందు తెప్పించాలో బ్రౌజర్‌కు చెప్పే ఫెచ్‌ప్రయారిటీని 'హై' అని కూడా చేర్చింది. ఏ పద్ధతి వాడినా మొదటి తెరలో కనిపించే ఫొటోను మామూలు ట్యాగుతోనే రాయాలన్నది గట్టిగా పట్టుకోవలసిన నియమం.

జావాస్క్రిప్ట్ ఆపేసిన బ్రౌజర్‌లోను, వేరే ఏదో స్క్రిప్టు మధ్యలో విరిగి ఇది నడవని సందర్భంలోను ఫొటోలు అసలే రావు, నోస్క్రిప్ట్ ట్యాగులో ప్రత్యామ్నాయం విడిగా రాయాలి. సెర్చ్ ఇంజన్ల విషయంలో మాత్రం రచయిత శ్రద్ధ మెచ్చదగ్గది. బ్రౌజర్ గుర్తింపులో గూగుల్‌బాట్, బింగ్‌బాట్ ఛాయలు కనిపిస్తే, వాటికి స్క్రోల్ చేయడం రాదని భావించి ఫొటోలన్నిటినీ వెంటనే బయటపెట్టేలా కోడులో ఒక చిన్న పరీక్ష ఉంది.

ఇప్పుడు బ్రౌజర్ వైపు చూద్దాం. ఇమేజ్ ట్యాగులో లోడింగ్ అనే అట్రిబ్యూట్‌కు 'లేజీ' అన్న విలువ ఇచ్చే పద్ధతి క్రోమ్‌లో 2019లో, ఫైర్‌ఫాక్స్ 75తో 2020లో, సఫారీ 15.4తో 2022లో వచ్చింది. ఎంత ముందుగా తెప్పించాలన్న దూరాన్ని క్రోమ్ నెట్‌వర్క్‌ను బట్టి నిర్ణయిస్తుంది: 4జీ వేగముంటే 1250 పిక్సెళ్ళు, 3జీ లేదా అంతకన్నా నెమ్మదైతే 2500. మొదట్లో ఈ దూరాలు 3000, 4000గా ఉండి పొదుపు సరిగా కనిపించేది కాదు, 2020లో తగ్గించారు. లేజీసైజెస్ 370తో పోలిస్తే ఇది ఇంకా ఉదారమే. అయినా నెమ్మదిగా ఉన్న నెట్‌వర్క్‌కు ఎక్కువ ముందస్తు ఇవ్వడం నా దృష్టిలో సరైన నిర్ణయం, ఎందుకంటే వాడుకరి ఖాళీ పెట్టె చూసి విసిగి వెళ్ళిపోతే మిగిల్చిన డేటాతో ఎవరికీ లాభం లేదు. జావాస్క్రిప్ట్ ఆపేసి ఉంటే బ్రౌజర్ ఈ ఆలస్యాన్ని పక్కన పెట్టి ఫొటోలన్నీ మామూలుగానే తెస్తుంది. ఫొటో అభ్యర్థనలను బట్టి వాడుకరి ఎక్కడిదాకా స్క్రోల్ చేశారో సర్వరు కనిపెట్టకుండా ఉండేందుకే ప్రమాణంలో ఆ ఏర్పాటు చేశారు, దానివల్ల ఖాళీ పెట్టెల బెడద కూడా లేకుండా పోయింది.

తెలుగు పేజీలు చేసేవారికి ఇక్కడ మరో లాభం ఉంది. గుణింతాలు, ఒత్తులు కలిసి గ్లిఫ్‌ల (అక్షర రూపాల) సంఖ్య పెరగడం వల్ల తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లిష్ ఫాంటు కన్నా బరువుగా ఉంటుంది. కింద ఉన్న ఫొటోలు దారి వదిలితేనే ఆ ఫాంటు త్వరగా చేరి, చీర పేరూ వివరమూ సరైన అక్షరాల్లో కనిపిస్తాయి.

బ్రౌజర్ పద్ధతిలో చాలాకాలం పాటు లేనిది ఆటో కొలతే. ఆలస్యం వచ్చింది గాని సైజెస్ మళ్ళీ చేత్తోనే రాయాల్సి వచ్చేది. అందుకే బ్రౌజర్లన్నిటిలో లోడింగ్ అట్రిబ్యూట్ వచ్చాక కూడా లేజీసైజెస్‌ను వదలకుండా ఉండటానికి బలమైన కారణమే ఉండేది. 2024లో క్రోమ్ 126 సైజెస్‌కు 'ఆటో' విలువను అంగీకరించడంతో ఆ కారణం బలహీనపడింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.7 లేజీ లోడయ్యే ఫొటోలకు దీన్ని తనంతట తానే చేరుస్తోంది. ఆటో పనిచేయాలంటే లోడింగ్ లేజీగా ఉండి తీరాలని ప్రమాణం చెబుతోంది. ఆలస్యమైన ఫొటోకే కొలత తెలుస్తుందన్న పాత సూత్రమే ఇది. ఆటో తెలియని బ్రౌజర్ల కోసం ఆ పదం తరువాత కామా పెట్టి పాత జాబితాను కొనసాగించవచ్చు. అర్థంకాని మొదటి విలువను వదిలేసి మిగతాది చదువుకుంటాయి కాబట్టి ఏదీ చెడిపోదు. వెడల్పు ముందే తెలిసి ఉండాలన్న షరతు ఇక్కడ కూడా ఉంది, కాస్త కఠినంగానే ఉంది. ఆటో రాసిన ఫొటోలకు బ్రౌజర్ సైజ్ కంటెయిన్‌మెంట్ విధిస్తుంది, అంటే లోపలి ఫొటోను పట్టించుకోకుండా పెట్టె కొలత తేలుస్తుంది గనుక, సీఎస్ఎస్‌లో వెడల్పు చెప్పని ఫొటో 300 పిక్సెళ్ళకు 150 పెట్టెలో ఇరుక్కుపోయే ప్రమాదముంది.

అయితే లేజీసైజెస్‌కే సాధ్యమైన పనులు ఇంకా కొన్ని ఉన్నాయి. సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టిన చిత్రాలకు లోడింగ్ అట్రిబ్యూట్ వర్తించదు, దీని 'బీజీసెట్' ప్లగిన్ వాటికీ ఎస్ఆర్‌సీసెట్ తరహా ఎంపికను ఇస్తుంది. ఫొటో బయటపడే ముందు లేజీబిఫోర్‌అన్‌వీల్ అనే ఈవెంట్ వస్తుంది కాబట్టి, మ్యాపు, వీడియో, వ్యాఖ్యల విడ్జెట్ వంటివాటిని కూడా అదే దారిలో నడిపించవచ్చు. మసకగా ఉన్న చిన్న ఫొటో నెమ్మదిగా స్పష్టమయ్యే ఏర్పాటు క్లాసులు మారడం వల్ల చాలా సులువు. ఈ మూడింటిలో బ్యాక్‌గ్రౌండ్ చిత్రాల అవసరం మాత్రమే నన్ను ఒప్పించగలదు. అక్కడ కూడా ఆ చిత్రాన్ని ఇమేజ్ ట్యాగుగా మార్చి ఆబ్జెక్ట్-ఫిట్ అనే సీఎస్ఎస్ లక్షణంతో పెట్టెలో నింపడం కుదిరితే అదే మేలు. చివరి వెర్షన్ 5.3.2 వచ్చింది 2021లో అన్న విషయం కూడా కొత్తగా మొదలుపెట్టేవారు లెక్కలోకి తీసుకోవాలి. స్థిరంగా ఉన్న చిన్న లైబ్రరీకి తరచు మార్పులు అక్కరలేదన్న మాట నిజమే గాని, రేపు ఏ బ్రౌజర్ మార్పుతోనైనా చిక్కు వస్తే మనమే సరిచేసుకోవాల్సి రావచ్చు.

అందుచేత కొత్త అప్లికేషన్‌కు బ్రౌజర్ పద్ధతినే ఎంచుకోమంటాను. ట్యాగులో ఎస్ఆర్‌సీసెట్, వెడల్పు, ఎత్తు, లోడింగ్ లేజీ, ఆటోతో మొదలయ్యే సైజెస్ రాస్తే పని పూర్తవుతుంది. రియాక్ట్‌లో అయితే లోడింగ్‌ను, ఫొటో చిరునామా ఇచ్చే ఎస్ఆర్‌సీ, ఎస్ఆర్‌సీసెట్‌ల కన్నా ముందు రాయాలి. అట్రిబ్యూట్లు రాసిన వరసలోనే అమలవుతాయి కాబట్టి, చిరునామా ముందు పడితే కొన్ని బ్రౌజర్లు లేజీ అన్న మాట వినకముందే ఫొటో తెప్పించేయవచ్చు. పాత అప్లికేషన్‌లో లేజీసైజెస్ సజావుగా నడుస్తుంటే హడావిడిగా పీకేయనక్కరలేదు. ముందు పై తెరలోని ఫొటోకు ఆ క్లాసు తీసేసి ఫెచ్‌ప్రయారిటీ ఇవ్వాలి, ఎక్కువ లాభం అక్కడే కనిపిస్తుంది. తరువాత ఒక్కో కాంపోనెంటును మార్చుకుంటూ పోవచ్చు. మార్చేటప్పుడు డేటా-ఎస్ఆర్‌సీసెట్‌ను ఎస్ఆర్‌సీసెట్ చేసి పాత క్లాసును మరిచిపోతే బ్రౌజరూ లైబ్రరీ రెండూ ఒకే ట్యాగు మీద పనిచేసే పరిస్థితి వస్తుంది, కాబట్టి ఆ రెండూ ఒకేసారి మార్చాలి.

మార్చిన ప్రతి కార్డునూ అసలు ఫోనులో, లేదా డెవలపర్ టూల్స్‌లో తెర వెడల్పు 360, సాంద్రత 3 పెట్టి తెరిచి, ఆ ఇమేజ్ ఎలిమెంటు కరెంట్‌ఎస్ఆర్‌సీ విలువ (బ్రౌజర్ ఎంచుకున్న ఫైలు చిరునామా) చదవాలి. పాత కాష్ ఉంటే బ్రౌజర్ అంతకుముందు తెచ్చుకున్న పెద్ద ఫైలునే వాడుకోవచ్చు గనుక కాష్ ఆపి చూడాలి. వరసకు రెండు ఫొటోల గ్రిడ్‌లో అక్కడ 540 వెడల్పు ఫైలు కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. 1080 కనిపిస్తే ఆటో విలువ అందలేదనో, కామా తరువాతి పాత జాబితా తప్పనో, కార్డు సీఎస్ఎస్‌లో వెడల్పు చెప్పలేదనో అర్థం, ఆ మూడింటినీ ఇదే వరసలో వెతకాలి.